లాభం, రెండు, మూడు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతుళ్లు, పంతులమ్మలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కూర్చున్న కాసేపటికే, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పండి" అంటారు. వానకు బడి గోడ కూలి, మేకల దొడ్డిలో పాఠాలు చెప్పిన ముచ్చట చెప్పి, చాయ్ తాగించి పంపిస్తాను. నవ్వుకుంటూ వెళ్తారు. నిజంగా మరిచిపోలేని సంగతి మాత్రం ఇది. దీన్ని ఎవరి ముందూ నోటితో చెప్పలేకపోయాను కనుక రాస్తున్నాను. రాసేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూడనక్కర లేదు.

అరవైల మొదట్లో మాట. మాది చేగుంట దగ్గర పల్లె. మా నాయన కల్లంలో వడ్లు కొలిస్తే చుట్టుపక్కల వాళ్లు నమ్మేవాళ్లు. నేను ట్రైనింగు ముగించుకుని మెదక్‌లో ఒక ప్రైమరీ బడిలో చేరాను. ట్రైనింగులో నాకు రెండు సంగతులు బాగా ఒంటబట్టాయి. ఒకటి, లెక్కలు చెప్పే పద్ధతి. రెండోది, నా మాట మీద నాకే సిగ్గు. అక్కడ నేను "వచ్చిండు" అన్నప్పుడల్లా వెనక బెంచీలో ఎవరో ఒకరు కిసుక్కుమనేవారు. ఆరు నెలల్లో నా భాషను గీకి గీకి శుభ్రం చేసుకున్నాను. సెలవుల్లో ఇంటికెళ్లి మా అమ్మతో "వచ్చాడు, వెళ్లాడు" అని మాట్లాడితే, ఆమె వెనక్కి తిరిగి చూసి "ఎవలతోని మాట్లాడుతున్నవ్‌రా?" అనేది.

ఆ బడిలో మేం నలుగురం. హెడ్మాస్టరు మంచివాడే గాని భయస్తుడు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే చాలు, అరిగిపోయిన సుద్దముక్కలు కూడా డబ్బాలో వరసగా పేర్పించేవాడు. ఉర్దూ చెప్పే ముసలి సారు ఒకాయన ఉండేవాడు. ఆయన ఎవరికీ భయపడడు, ఎవరి మీదా గట్టిగా అరవడు. ఇంకొకరు సెలవులో ఉండటమే ఎక్కువ. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇన్‌స్పెక్టరు మంచి రిపోర్టు రాస్తే అవుతుంది, లేకపోతే ఊరికి మూటాముల్లె సర్దుకోవాలి.

బడులు తెరిచే ముందు ఇల్లిల్లూ తిరిగి బడి ఈడు పిల్లల పేర్లు రాసుకు రావడం మా పని. అట్లా తిరుగుతూ కోట కింది వాడలో ఒక ఇంటికి వెళ్లాను. హవేలిఘనపూర్ బండ్ల మీద వచ్చే వడ్లు కొని, ఇంట్లోనే దంచి, బియ్యం అమ్ముకునే ఇల్లది. మిల్లు బియ్యం నచ్చనివాళ్లు అక్కడ కొనుక్కునేవారు. కొలిచేది ఇంటి ముసలమ్మ.

వాకిట్లో ఇద్దరు ఆడపిల్లలు చింతగింజల కుప్ప ముందు వేసుకుని కూర్చున్నారు. పెద్దదానికి ఎనిమిదేళ్లుంటాయి, చిన్నదానికి నాలుగు. పెద్దది చిన్న సోలతో గింజలు ముంచి పోస్తున్నది. పోసినప్పుడల్లా ఇద్దరూ గొంతు కలిపి పాటలాగా అంటున్నారు.

"లాభం... రెండూ... మూడూ... నాలుగూ..."

ఇది తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. మా దిక్కు గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు. లాభం అంటారు. ఒకటి అన్నది ఒంటరి మాట, దానితో మొదలుపెడితే రాశి పెరగదని నమ్మకం. ఏడును కూడా ఏడు అనరు, అందులో ఏడుపు ఉంది కాబట్టి. ఆరున్నొక్కటి అని ఎనిమిదికి పోతారు. మా నాయన కల్లంలో నేను లెక్క నేర్చుకున్నది కూడా ఇట్లాగే.

కొలవడం అయిపోయాక పెద్దది మొహం చిట్లించింది. "గింజలు తక్కువున్నయే. సోల నిండలే" అంది. చిన్నది పకపకా నవ్వి, కాలు కింద దాచిన గింజలు తీసింది. "ఎన్ని దొంగిలిచ్చిన జెప్పు?" అని అక్కను అడిగింది. అక్క సోలలో ఖాళీని వేలితో చూసుకుని, "ఆరున్నొక్కటి" అంది. ఇద్దరూ లెక్కపెట్టారు. సరిగ్గా ఏడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వడం మొదలుపెట్టారు. ట్రైనింగులో మాకు రంగు పూసల చట్రం చూపించి, పిల్లలకు లెక్కలంటే ఆనందం కలగాలని నెలరోజులు చెప్పారు. ఆ ఆనందం నాకు మొదటిసారి కనబడింది ఈ వాకిట్లో.

లోపలి నుంచి ముసలమ్మ వచ్చింది. "రాండ్రి సారూ, కూసోండ్రి. ఇగ గీళ్లకు ఇదే పని. నేను గొలుస్తుంటె చూసి నేర్చిన్రు. పొద్దంత గింజలే."

"కుంచానికి ఎన్ని సోలలు?" అని పెద్దదాన్ని అడిగాను.

"పదారు" అంది, తల ఎత్తకుండా.

"అందులోంచి మానెడు తీస్తే?"

"పన్నెండు సోలలుంటయి. గదేమన్న లెక్కనా సార్, జర గట్టిది అడుగుండ్రి."

నాకు హుషారు పుట్టింది. "ఏడు అనవు కదా. మరి ఏడుపాయల జాతరకు పోతే ఏమంటవ్? ఆరున్నొక్కటి పాయలంటవా?"

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "గది అమ్మవారుండే జాగ పేరు సార్. గింజల లెక్క గాదు."

నేను చేతిలో పుస్తకం పక్కన పెట్టేశాను. ఆ సోల తీసుకుని గింజలు ముంచాను. నా నోటి నుంచి మా నాయన రాగం దానంతట అదే వచ్చింది. "లాభం..." పిల్లలిద్దరూ ఎగిరి గంతేశారు.

"అవ్వా, సార్ గూడ మన లెక్కనే వెడ్తుండు!" అని పెద్దది ముసలమ్మ దగ్గరికి పరుగెత్తింది.

గంటసేపు ఆడుకున్నాను. వెళ్లబోయే ముందు వాళ్ల నాయన వచ్చాడు. పిల్లను బడికి పంపమంటే ఆయన ఆలోచించి తేల్చి చెప్పాడు. "ఎనిమిదేండ్లొచ్చినయ్ సార్. గిప్పుడు పోయి అయిదేండ్ల పోరగాండ్లల్ల కూసుంటె అందరు నగుతరు. దాని తోటి పిల్లలల్ల, రెండో తరగతిల కూసోవెడ్తనంటె తోలుత. లేకుంటె వద్దు, ఇంట్ల పని నేర్చుకుంటది."

"రెండో తరగతిలోనే కూర్చోబెడతాను. నా మాట" అన్నాను. ముసలమ్మ నా చేతులు పట్టుకుంది. పిల్ల మాత్రం అప్పటికే చెల్లెకు తన బడి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది, ఇంకా చూడని బడి సంగతులు.

బడికి వచ్చి హెడ్మాస్టరుతో గొప్పగా చెప్పాను. అక్షరం రాకపోయినా లెక్కల్లో ఆ పిల్లను మించిన వాళ్లు మన మూడో తరగతిలో కూడా లేరన్నాను. అక్షరాలు నెల రోజుల్లో నేను నేర్పుతానన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. బడి తెరిచి పేర్లు రాసుకునే వారంలోనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. హెడ్మాస్టరు నా గొప్పను తన గొప్పగా చేసుకుని, "మా మాస్టారు ఒక బంగారాన్ని పట్టుకొచ్చారండి. తమరే పరీక్షించాలి" అన్నాడు.

ఆ ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. ఇది గట్టిగా చెప్పాలి. ఎందుకంటే ఇట్లాంటి కథల్లో తప్పంతా పైవాడి మీదికి తోసేయడం మనకు అలవాటు. తెల్లటి బట్టలు, మెత్తటి మాట. ఎక్కడో పెద్ద పట్నంలో పెరిగిన మనిషి. గింజలు కొలిచే చోట ఎప్పుడూ నిలబడి ఉండడు, అంతే.

పిల్ల కొత్త లంగా కట్టుకుని వచ్చింది. తలకు పెట్టిన నూనె కారుతున్నది. లంగా కొసకు ఏదో ముడి వేసుకుంది. చింతగింజలని నాకు తెలుసు. నాకేసి చూసి ధైర్యంగా నవ్వింది.

"అంకెలు చెప్పమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లాభం, రెండు, మూడు..."

నేను నవ్వాను. ముందు నవ్వింది నేనే. ఆయన నవ్వుతాడేమో, ఆ నవ్వు పిల్లను దాటి నా మీదికి వస్తుందేమో అని, నేను ముందుగా పక్కకు జరిగి నిలబడ్డాను. ట్రైనింగులో వెనక బెంచీలో వినబడిన కిసుక్కు ఉంది చూడండి, అదే నవ్వు నా నోట్లోంచి వచ్చింది. పిల్ల ఆగి నన్ను చూసింది. మళ్లీ మొదటి నుంచి అందుకుని, "ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది" దాకా చెప్పింది.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. ముందుకు వంగాడు. "లాభమా? అంటే ఏమిటి పాపా?"

"లాభమంటే లాభమే సార్. మొదాలు గదే."

ఆయన నా వైపు తిరిగాడు. చేతిలో కలం మూత తీసి ఉంది. "ఏమండీ మాస్టారూ, ఈ ప్రాంతంలో ఇలా లెక్కపెట్టే అలవాటు ఉందా? దీనికేమైనా అర్థం ఉందా?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను రెండు ముక్కలు చెబితే రాసుకునేవాడు. బహుశా సంతోషించేవాడు. నాకు అప్పుడు కనబడింది ఆయన కలం కాదు, మా కల్లం. మట్టి కొట్టుకున్న కాళ్లతో మా నాయన. ఆ కల్లం నాదని ఒప్పుకుంటే, ఇన్నాళ్లు గీకి శుభ్రం చేసుకున్నదంతా వృథా అయిపోతుందనిపించింది.

"అబ్బే, అర్థమేమీ లేదండి. చదువు లేని ఇళ్లల్లో ఏవేవో అంటుంటారు."

పిల్ల నా చొక్కా అంచు పట్టుకుంది. నాకు గుర్తు చేద్దామనుకుంది పాపం, నేను మరిచిపోయాననుకుని. "సార్, మీరు గూడ అన్నరు గద. మా ఇంట్ల. నాతోని గొలిచినప్పుడు."

"నేనా?" అన్నాను. "నేనెప్పుడన్నాను? అబద్ధం చెప్పకూడదమ్మా."

నలభై ఏళ్లకు పైగా అయింది. ఆ వాక్యంలో ప్రతి మాటా శుద్ధమైన భాషే. ఒక్క అక్షరం తప్పు లేదు.

పిల్ల చొక్కా వదిలేసింది. ఇన్‌స్పెక్టరు ఒకటి నుంచి చెప్పమన్నాడు. చెప్పలేదు. రెండూ మూడూ కలిపితే ఎంతన్నాడు. చెప్పలేదు. చాక్లెట్టు ఇస్తానన్నాడు. కుంచానికి సోలలు లెక్కగట్టిన ఆ నోరు ఇక తెరుచుకోలేదు. ఒక చేత్తో లంగా కొసన ఉన్న ముడిని గట్టిగా పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. ఆయన నిట్టూర్చి, "సంఖ్యాజ్ఞానం లేదు, ఒకటో తరగతి" అని రాశాడు. నాతో, "ఉత్సాహం మంచిదే మాస్టారూ, కానీ ముందు సరిగ్గా చూసుకోండి" అన్నాడు. నా మీద రిపోర్టు బాగానే రాశాడు. ఉపాధ్యాయుని ఉచ్చారణ చక్కగా ఉన్నదని అందులో ఉంది. నేను పర్మనెంటు అయ్యాను.

ఆ సాయంత్రం చర్చి గంట కొట్టే వేళకు ఉర్దూ సారు, నేను కలిసి ఇంటికి నడుస్తున్నాం. పక్క గదిలో ఆయన పాఠం చెబుతూ అంతా విన్నాడు. చాలా దూరం నడిచాక, ఎవరితోనో అన్నట్టు మొదలుపెట్టాడు.

"మా అమ్మ బియ్యం గొలిస్తె, బర్కత్, దో, తీన్ అంటుండె. ఏక్ అనకపోతుండె. గింజ పెరగాలంటె అల్లా బర్కత్ ఇయ్యాలె గద మొదలు. నీకు తెల్వదంటివి, అందుకె చెప్తున్న మియా."

"నాకు తెలుసు సాబ్" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. "తెలుసా? తెల్వకనే అన్నవేమో అని నేను పొద్దటి సంది నా దిల్‌కు చెప్పుకుంటున్న." ఆయన తిట్టి ఉంటే నేను ఎదురు మాట్లాడేవాణ్ణి, కోపం తెచ్చుకుని ఇంటికి పోయి అన్నం తినేవాణ్ణి.

మరునాడు హెడ్మాస్టరు దగ్గర నసిగాను. ఆ పిల్లకు నిజంగా లెక్కలు వచ్చు, ఏదో పొరపాటు జరిగిందన్నాను. పొరపాటు ఎవరిదో చెప్పలేదు. "ఇన్‌స్పెక్టరు గారు రాసిన దాని మీద నేనేం రాస్తా? వచ్చే ఏడు చూద్దాం" అన్నాడాయన. నేను సరేనన్నాను. ఆయన కాదన్నందుకు నాకు లోపల హాయిగా కూడా అనిపించింది. ఇది కూడా రాయాలి కదా.

ఒకటో తరగతి నాదే. ఆ పిల్ల మూడు రోజులు వచ్చింది. చిన్నపిల్లల మధ్య, ఎత్తుగా కనబడకుండా మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చునేది. నేను బోర్డు మీద ఒకటి రాసి అందరి చేతా అనిపిస్తుంటే, ఆ ఒక్క నోరు కదిలేది కాదు. గద్దించే మొహం నాకు లేదు. నాలుగో రోజు రాలేదు.

రెండు వారాలు ఆ వాడ దిక్కు పోలేదు. వేరే సందు గుండా తిరిగి వెళ్లేవాణ్ణి. చివరికి ఒక మధ్యాహ్నం, తుంపర పడుతుంటే, వెళ్లాను. ముసలమ్మ గడప దగ్గర బియ్యం కుప్ప ముందు కూర్చుని ఉంది. వాడకట్టు ఆడవాళ్లిద్దరు గంపలు పట్టుకుని నిలబడ్డారు. పెద్దపిల్ల మూలన చేటతో బియ్యం చెరుగుతున్నది. చిన్నది అవ్వకు ఆనుకుని ఉంది. చింతగింజలు ఎక్కడా కనబడలేదు.

ముసలమ్మ మానికతో బియ్యం ముంచి పైకెత్తింది. అప్పుడే నన్ను చూసింది. చెయ్యి గాలిలోనే ఆగింది. ఎప్పుడూ అనే మాట నాలుక మీదికి వచ్చి, అక్కడే నిలిచిపోయింది. తల వంచుకుని, మెల్లగా, "ఒకటి" అని పోసింది.

"అదేంది అవ్వా, గట్లంటివి?" అని గంపామె ఉలిక్కిపడింది. "శుభమా అని బియ్యం కొంటుంటె?"

"సార్ వచ్చిండు గదనే" అంది ముసలమ్మ.

"లాభం అనుండ్రి అవ్వా" అన్నాను.

"వద్దు సారూ. మాకు సదువు లేదు. నేను తప్పు నేర్పిన, పిల్ల బడి పాయె. గీ చిన్నదన్న మంచిగ నేర్వనీ." చిన్నది నన్ను చూసి, పాఠం అప్పజెప్పినట్టు, "ఒకటి" అంది. ఏ రాగమూ లేదు అందులో.

అప్పుడు నా నోట్లోంచి మా అమ్మ భాష వచ్చింది. "తప్పు నీది గాదు అవ్వా. నాది. పిల్ల నిజమే చెప్పింది. నేనే అబద్దమాడిన."

ముసలమ్మకు ఏం చెయ్యాలో తెలియలేదు. సార్లు ఇట్లా మాట్లాడతారని ఆమె అనుకోలేదు. "గంత మాటలెందుకు సారూ, కూసోండ్రి, చాయ్ తాగుండ్రి" అని తడబడింది. చేట చప్పుడు ఆగిపోయింది. అంతవరకూ తల ఎత్తని పెద్దపిల్ల లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మరి గా తెల్లబట్టల పెద్ద సార్‌కు చెప్తరా? నేను అబద్దమాడలేదని?"

రెండో తరగతి అడగలేదు. బడి సంగతే ఎత్తలేదు. అడిగింది అది ఒక్కటే.

"చెప్త" అన్నాను.

మరుసటి ఏడు ఆ ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. నేను నమస్కారం పెట్టాను, కుర్చీ తుడిచి వేశాను. నా తరగతి చూసి మెచ్చుకున్నాడు. వెళ్లే ముందు చేతిసంచి సర్దుకుంటూ తనే అడిగాడు. "అన్నట్టు మాస్టారూ, లాభం, రెండు అని లెక్కపెట్టిన పాప ఒకర్తి ఉండాలి. ఎలా చదువుతోంది?"

ఆయనకు గుర్తుంది. అంతకంటే మంచి అవకాశం ఎవరికి దొరుకుతుంది? గదిలో మేమిద్దరమే ఉన్నాం. నా ఉద్యోగానికి ఇక ఏ భయమూ లేదు.

"బడి మానేసిందండి" అన్నాను.

"అయ్యో" అన్నాడు. వెళ్లిపోయాడు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. ఎక్కడికి వెళ్లాడో నేను కనుక్కోలేదు. ఆ పిల్ల ఇంటి ముందు నుంచి ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు మళ్లీ నడవలేదు. ఆమెకు పెళ్లయి పోయిందని ఎవరో చెబితే విన్నాను. ఆ తర్వాత వందలమంది పిల్లలకు అంకెలు నేర్పాను. మీ ఇంట్లో ఎట్లా లెక్కపెడతారని ప్రతి పిల్లనూ ముందు అడిగేవాణ్ణి. పై అధికారులు దాన్ని మంచి పద్ధతి అన్నారు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, ట్రైనింగులో అని చెప్పాను.

ఇన్‌స్పెక్టరు గారూ, మీరు ఇప్పుడు ఉన్నారో లేరో నాకు తెలియదు. ఆ రోజు మీరు అడిగిన దానికి జవాబు ఇదండి. లాభం అంటే ఒకటి. ఆరున్నొక్కటి అంటే ఏడు. ఆ పిల్ల మీ ముందు ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదు. అబద్దం ఆడలేదు. వాళ్లింట్ల, ఆ పిల్లతోని గొలిచినప్పుడు, నేను గూడ అన్న.